కార్డు లోపలి మనిషి

గోడ మీది నుంచి వచ్చి పడ్డ కార్డు బట్టలుతికే బండ మీద నోరు తెరుచుకుని పడి ఉంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముగ్గురూ వాకిట్లోనే నిలబడ్డారు. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"ఉండనియ్యండి అత్తమ్మా," అంది కోడలు డెబోరా మెల్లగా. "మనం తీస్తే దానికి మల్లొక మాట పడాలె."

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా బట్టలు కూడా మార్చుకోలేదు. సుగుణమణి తెల్లచీర కొంగు భుజం చుట్టూ లాక్కుని గోడ వైపే చూస్తోంది. కొడుకు జాన్ ప్రసాద్ చేతిలో బైకు తాళం చెవి అట్లాగే ఉంది.

సెంటినరీ కాలనీలో ఆ రెండు క్వార్టర్ల నడుమ గోడ తలెత్తు ఉంటుంది. అటు ఒక రాయి, ఇటు ఒక రాయి వేసుకుని, వాటి మీద ఎక్కి మాట్లాడుకునేవారు సుగుణమణీ, అనసూర్యా. గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకైతే చేతులు కూడా ఉండేవి. కూరగిన్నెలు, కరివేపాకు రెబ్బలు, ఉయ్యాలలోంచి తీసిన పసిపిల్లలు, అన్నీ దాని మీది నుంచే అటూ ఇటూ పోయేవి. ఒక వస్తువు విసురుగా వచ్చి పడడం మాత్రం ఇదే మొదలు.

సుగుణమణి తన రాయి ఎక్కింది.

"అనసూర్యా, మీ కోడలు దీపకు ఎట్లున్నది?"

అనసూర్య తన రాయి ఎక్కలేదు. దవాఖానకు తీసుకుపోయే సంచిలో దుప్పటి కుక్కుతూ తల కూడా ఎత్తలేదు. రాత్రి నిద్ర లేని మొహం ఉబ్బి ఉంది.

"ఎట్లున్నదని అడుగుతున్నవా అక్కా? ఏడో నెల కడుపు. నిన్న పొద్దుగూకంగ నొప్పులు షురువైనయి. డాక్టరమ్మ సూది ఇచ్చి ఆపింది. ఆగుతయో ఆగయో రేపటిదాక ఏం చెప్పరాదన్నది. ఎట్లుంటదో నువ్వే చెప్పు."

"ప్రభువు దయతోని ఏం కాదు. నేను పొద్దుగాలటి సంది ప్రార్థన..."

"టీవీ మీదికెల్లి నీ కార్డు కిందవడ్డది," అంది అనసూర్య, ఆ ప్రార్థన మాట వినబడనట్టు. "పడంగనే రెండు పొరలు ఇడివడ్డయి. పిల్ల వంగి తీసింది, సదివింది. నాకు సదువు రాదు గని చెవులున్నయి. 'అంద్రెయ గారు ప్రభువునందు నిద్రించిరి' అని సదివి, గట్లనే గోడకానుకొని కూసున్నది. దీపం పెట్టే యాళ్లకు నొప్పులు."

సుగుణమణి వెనక్కి తిరిగి బండ మీది కార్డు వైపు చూసింది.

"సావు కార్డు అక్కా. పెద్దకర్మ కార్డు వస్తె మేము చూసి, చింపి, బయటనే పారేస్తం. గడప లోపల పెట్టుకోం. నువ్వు దాని మీద బంగారి కాయితం అంటవెట్టి, సుక్కలు కోసి, పండుగ కార్డు అని పంపితివి. కడుపుతోటి ఉన్న పిల్ల ఇంటికి. బాయిలకు దిగే కొడుకున్న ఇంటికి."

బొగ్గుబాయికి మనిషిని పంపే ఇల్లు ఎట్లాంటిదో సుగుణమణికి ఒకరు చెప్పాలా? భర్త అంద్రెయ బతికినన్నాళ్లూ ఆమె కూడా షిఫ్టు దిగే వేళకు గేటు చప్పుడు కోసమే వంట చేసింది. తాలింపు మాడినా ఆమె చెవి గేటు మీదే ఉండేది.

"గణపతి బొమ్మ మీద కత్తెర పెట్టని మనిషివి నువ్వు," అంది అనసూర్య. ఇప్పుడు గొంతు తగ్గింది. తగ్గడమే ఎక్కువ గుచ్చుకుంది. "గందుకే నాకు సమజ్ కాదు."

ఆ మాట నిజం. దసరా వెళ్లిందంటే చాలు, సుగుణమణి పనికిరాని రద్దీ కాగితాలు పోగు చెయ్యడం మొదలుపెట్టేది. పాత పెళ్లి కార్డులు, అగరుబత్తి డబ్బాలు, బిస్కెట్ పొట్లంలోని తళుకు కాగితం, పోయినేటి క్యాలెండర్లు, గోదావరిఖనిలో ప్రెస్సు వెనక పారేసిన అంచుముక్కలు. వాటితోనే క్రిస్మస్ కార్డులు చేసేది. పైన చిన్న కిటికీ కోసి, లోపలి నుంచి ఒక నక్షత్రమో, దీపమో కనిపించేట్టు తళుకు అంటించేది. పెళ్లి కార్డుల మీద గణపతి ఉంటే బొమ్మ చెడకుండా చుట్టూ కత్తిరించి, గోడ మీది నుంచి అనసూర్యకు అందించేది. అనసూర్య దేవుని అలమర తలుపు లోపల ఇప్పటికీ అవన్నీ వరుసగా ఉన్నాయి. అట్లాంటి మనిషి ఎదుటివాళ్ల కీడూ మేలూ తెలియక కార్డు పంపిందంటే ఎవరు నమ్ముతారు?

"నీకు ఎరుకనేనా, ఎరుక లేదా?" అంది అనసూర్య.

"నాకు..."

"పొరపాటైంది చిన్నత్తమ్మా," అని వెనక నుంచి డెబోరా అందుకుంది. "అత్తమ్మకు ఈ నడుమ కండ్లు సరిగ కనవడుత లేవు. రద్దీ కాయితాలల్ల ఇది గూడ కలిసిపోయింది."

సుగుణమణి తిరిగి చూసింది. నిన్న సాయంత్రం కూడా ఒకే ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించిన కళ్లవి. కోడలు ఆ కళ్లలోకి చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు చెప్పకు బిడ్డా," అంది అనసూర్య. "ఆమె చెప్పాలె." సంచి మూతి ముడి వేసి, అప్పుడు తల ఎత్తింది. "దిష్టి తీసే మా ఐలవ్వ చెప్పింది. పంపిన చెయ్యే మల్ల తీసుకోవాలెనంట. ఆ కార్డు పట్టుకొని దవాఖానకు రా అక్కా. పొరపాటైందని నా ముంగట నీ నోటితోని చెప్పు. పిల్ల తలకాయ సుట్టు తిప్పి, బయటికి తెచ్చి, నీ చేతితోనే కాలవెట్టు. గంతే. నేను మల్ల జిందగీల ఈ ముచ్చట తియ్య."

"రాకుంటె?"

అనసూర్య గోడ వైపు చూసింది.

"దీన్ని ఇంకింత లేపిస్త," అంది. సంచి భుజానికి వేసుకుని, ఆటో కోసం బయటికి నడిచింది.

*

"పోయి ఒక్క మాట చెప్పి రా అమ్మా," అన్నాడు జాన్ ప్రసాద్ లోపలికి వచ్చాక. "నోటి మాటనేనాయె."

"పొరపాటు కాదు బిడ్డా."

"కాదంటె?"

సుగుణమణి మంచం మీద కూర్చుంది. బీరువా మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. మొన్న మొన్నటి దాకా అక్కడ ఒక కట్ట ఉండేది.

"ఎరుకతోనే పంపిన," అంది.

డెబోరా వంటింట్లోకి పోబోతూ గుమ్మంలోనే ఆగిపోయింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో పోయాడు అంద్రెయ. బాయిలు బందు, బస్సులు బందు, రైళ్లు పట్టాల మీద నిలబడ్డాయి. మట్టి చేసిన నాడు కాలనీ వాళ్లు, చర్చి సంఘం వాళ్లు తప్ప ఎవరూ రాలేకపోయారు. జ్ఞాపకార్థ కూడికకైనా అందరినీ పిలుద్దామని జాన్ ప్రసాద్ మంచి మందపు కార్డులు అచ్చు వేయించాడు. ఒక పక్క తండ్రి ఫోటో, ఒక పక్క మాటలు. కానీ పంచేది ఎట్లా? మందమర్రి పోవాలన్నా బండి లేదు, శ్రీరాంపూర్ పోవాలన్నా బండి లేదు. కూడిక అయిపోయింది, సమ్మె అయిపోయింది, తెలంగాణ మాత్రం ఇంకా రాలేదు. కార్డుల కట్ట కట్టినట్టే బీరువా మీద మిగిలింది.

"ఎవలింటికి పోలే ఆ కార్డులు," అంది సుగుణమణి. "ఆయిన మొకం అట్లనే దారం కట్టి పైన పెట్టినం. దుమ్ము దులిపినప్పుడల్ల నాకు పానం పట్టకపోవు. పారేస్తనా? పొయ్యిల పెడ్తనా? పండుగ దగ్గరికి రాంగ తీసిన. అచ్చు లోపలికి పొయ్యేటట్టు మడిచిన. అంచులు అంటవెట్టి, పైన ఎప్పటి తీరుగ పూలు, సుక్కలు పెట్టిన. ఎవలెవలు రాలేదో వాల్లందరికి పంపిన."

"లోపల నాయిన ఉన్నడని వాల్లకు చెప్పినవా?"

"చెప్పుడెందుకు? పండుగ పూట ఆయిన వాల్లింట్ల జరసేపు కూసుంటడు. ఎవలికీ తెల్వకున్న నాకు తెలుస్తది గద."

జాన్ ప్రసాద్ తాళం చెవి బల్ల మీద గట్టిగా పెట్టాడు. కోపం వచ్చింది, కోపంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. రెంటిలో దేన్ని బయట పెట్టాలో తెలియక గోడ మీది ఏసు పటాన్ని చూశాడు.

"నడుమ జిగురు రాయలే నేను," అంది తల్లి, అదేదో చాలా ముఖ్యమైన సంగతి అన్నట్టు. "ఆయిన మొకం మీద మైదా రాయబుద్ధి కాలే. అంచులకే రాసిన."

డెబోరా వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. బళ్లో పిల్లలకు చెప్పే గొంతు కాదు ఇప్పుడామెది.

"మన సంఘపోల్లకు పంపితె ఒక తీరు. వాల్లకెందుకు పంపిండ్రు అత్తమ్మా?"

"అందరికంటె ముందు వాల్లకే పంపాలె. రాయమల్లు ఆయినతోని జోడి కట్టి ఒక్క బొగ్గు టబ్బు నింపినోడు. ఒక్క టిఫిన్ల తిన్నోడు. మన్నెయ్యడానికి గూడ అందలే గద."

అదీ నిజమే. ఆ వారం అనసూర్య భర్త రాయమల్లు చెన్నూరు అవతల సొంతూరికి పోయి చిక్కుకుపోయాడు. కబురు అందాక బస్సు లేక, రైలు లేక, దొరికినంత దూరం బండ్ల మీద, దొరకనంత దూరం కాలినడకన వచ్చాడు. వచ్చేసరికి మట్టి ఆరిపోయింది. వాకిట్లో నిలబడి, "మొకం ఎట్లుండె వదినా?" అని ఒక్క మాట అడిగాడు. "నిద్రవోయినట్టుండె," అంది సుగుణమణి. అంతకు మించి ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

"నేను అబద్ధం చెప్పింది మీ కోసం కాదు," అంది డెబోరా. "దీప కోసం. ఆ పిల్లకు ఏమన్న అయ్యిందనుకోండి, మనం ఎన్ని ప్రార్థనలు చేసినా వాల్లింట్ల ఆ కార్డు పేరే చెప్తరు. దాని మనసుల గూడ అదే ఉంటది. మీరు పోయి నిజం చెప్తే ఎవలికి నెమ్మది?"

"నేను కీడు చేసిననా డెబోరా?"

"చెయ్యలే. గని వాల్లకు అట్ల కాదు గద అత్తమ్మా. మీకు తెల్సు. బొమ్మలు కత్తిరించి ఇచ్చింది మీరే."

కోడలు గోటితో గీసినట్టు సరిగ్గా తప్పు ఉన్న చోటే గీసింది. ఆమె తన దుఃఖం ఒక్కటే చూసుకుంది. గోడ అవతల కడుపుతో ఉన్న పిల్లను చూడలేదు. అది ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గుగా ఉంది, సిగ్గుకంటే ఎక్కువ బాధగా ఉంది.

"పొరపాటన్న అంట," అంది. "నోరు పడిపోదు. గని కాలవెట్టుడు..." ఆగింది. "మనం ఆయినను మట్టిల పెట్టినం బిడ్డా, మంటల పెట్టలే. నా చేతితోని ఆయిన మొకానికి అగ్గిపుల్ల గీయాల్నా?"

వంటింట్లో అన్నం గంజి పొంగి స్టవ్వు మీద చుయ్యిమంది. డెబోరా లేవలేదు.

అప్పుడు ఫోను మోగింది. జాన్ ప్రసాద్ తీశాడు. అవతల అనసూర్య కొడుకు. విని, "ఆఁ భూపాల్," అన్నాడు. మళ్లీ విన్నాడు. పెట్టేసి తల్లి వైపు చూశాడు.

"దీప నిన్నే పిలుస్తున్నదంట. పెద్దత్త ఏది, పెద్దత్త ఏది అని. చిన్నమ్మ కార్డు లేకుండ లోపలికి రానియ్యనంటున్నదంట."

*

సుగుణమణి వాకిట్లోకి వచ్చి బండ మీది కార్డు ఎత్తింది.

అందులో ఆమెకు కొత్తదేమీ లేదు. పైన డెబోరా పెళ్లి కార్డు ఎర్రటి కాగితం, దాంట్లో కోసిన కిటికీ, కిటికీలో వెండి నక్షత్రం. ఆ కిటికీ కోసేటప్పుడు బ్లేడు జారి వేలికి తగిలింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఆమె గడపలో కూర్చుని, చూడకూడదనుకుంటూనే లోపలికి చూసింది.

అచ్చు అక్షరాలు ఉన్నాయి. సిలువ ఉంది. ఫోటో ఉండాల్సిన చోట కోడిగుడ్డంత రంధ్రం ఉంది.

నిప్పు కంటే ముందే ఎవరో ఆయన్ను తీసుకుపోయారు అనిపించింది. తర్వాత రంధ్రం అంచు మీద వేలు పెట్టి చూసింది. చింపింది కాదు. గడ్డం గీసుకునే బ్లేడుతో, చెయ్యి వణకకుండా, భుజాల దగ్గర కాస్త ఎక్కువే వదిలి, జాగ్రత్తగా కోసింది. వెనకవైపు అట్టలోంచి కోశారు. టీవీ మీద గోడకు ఆనించి పెట్టిన కార్డు వీపు ఎవరు చూస్తారు?

అంచులు కూడా చిరగలేదు. మైదా జిగురు ఊరికే వదలదు, కాగితాన్ని చీల్చుకునే వదులుతుంది. ఉడుకునీళ్ల ఆవిరి పట్టి తియ్యాలి. అట్లా తీసి, పని అయ్యాక మళ్లీ మూశారు. ఎట్లా మూశారో మూలన ఎండిపోయి కనిపించింది. నొక్కి పెట్టిన ఒక అన్నం మెతుకు.

సుగుణమణి తన జన్మలో మెతుకుతో కార్డు అంటించలేదు. మెతుకు ఎండితే వదిలేస్తుంది. ఆ ఇంట్లో మైదా జిగురు కాచే చెయ్యి లేదు. చదువు రాని అనసూర్యకు లోపల ఏముందో తెలియదు. దీప తెలిసి తెరిస్తే కింద కూలబడదు. భూపాల్‌కు పెద్దనాయన మొహం దాచుకోవాల్సిన అవసరం లేదు, వాకిట్లో కడసారి చూశాడు.

చూడనిది ఒక్కడే.

"మొకం ఎట్లుండె వదినా?" అన్న గొంతు ఆమెకు మళ్లీ వినిపించింది. ఆమె మెతుకు మీద గోరు పెట్టింది. గీకి పారేద్దామనుకుంది. ఎందుకో చేతులు రాలేదు.

ఆయన ఒకరింట్లో కూర్చుంటాడని పంపింది. ఆయన నిజంగానే కూర్చున్నాడు.

"జాన్," అని పిలిచింది. "బండి తియ్యి. పోదాం."

"కాలవెడ్తవా?"

"కాలవెడ్త."

డెబోరా అనుమానంగా చూసింది. అంతసేపు మొరాయించిన మనిషి ఇంత సులువుగా దిగివచ్చిందేమిటా అని. సుగుణమణి కార్డును మూసి, రుమాలులో చుట్టి, బైబిలు పెట్టుకునే సంచిలో పెట్టుకుంది. కాలేది కాగితమే. మొహం భద్రంగా ఉంది. ఎక్కడుందో ఆమెకు తెలుసు, అంతే చాలు.

*

దవాఖాన వరండాలో సిమెంటు బెంచీ మీద రాయమల్లు ఒక్కడే కూర్చున్నాడు. రిటైరుమెంటు దగ్గర పడ్డ మనిషి. నిన్నటి డ్యూటీ బట్టలు కూడా విప్పలేదు. ఆమెను చూసి లేచాడు.

"వదినా."

జాన్ ప్రసాద్ భూపాల్ కోసం లోపలికి పోయాడు. సుగుణమణి బెంచీ చివర కూర్చుంది.

"కార్డు తెచ్చినవా?"

"తెచ్చిన."

అతను నేల చూశాడు. ఎదురుగా ఎవరిదో సైకిలు పడిపోతే ఎవరో లేపారు. ఇద్దరూ అదే చూస్తూ కూర్చున్నారు.

"మెతుకుతోని అంటవెట్టినవేంది రాయమల్లూ," అంది ఆమె. "అడిగితె నేను మైదా ఉడకవెట్టి ఇయ్యకపోదునా?"

రాయమల్లు చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. జేబుకు గుండీ పెట్టి ఉంది.

"బరువుగ అనిపిచ్చింది," అన్నాడు. "ఎప్పటి కార్డు లెక్క లేదు. ఎండకు పట్టిన. అన్న మొకం తెలిసింది. వారం దినాలు ఓపిక పట్టిన వదినా. ఇంట్ల ఎవ్వలు లేనిది చూసి, అనసూర్య చాయ పెట్టే గిన్నెల నీళ్లు కాగబెట్టి..." ఆగి, జేబును ఇంకోసారి తడిమాడు. "నేను తియ్యకుంటె అది పడేది కాదు. పడ్డా ఇడివడేది కాదు. ఆ పిల్ల సదివేది కాదు. నేనే తెచ్చిన కీడు. లోపలికి పోయి అనసూర్యకు చెప్త."

"చెప్పకు."

"నీ మీద పడ్డది గద."

"నా మీద పడ్డది నేను మోస్త. పంపింది నేను. ఇయ్యాల నువ్వు చెప్తే, రేపు ఏదన్న అటిటు అయితె, ఆ ఇంట్ల నీకు బుక్కెడు బువ్వ దిగదు. పిల్ల మంచిగ ఇంటికి రాని. అప్పుడు నవ్వుకుంట చెప్పుదువు."

"అన్న ఉంటె ఒప్పుకోకపోవు."

"మీ అన్న ఉంటె ఈ కార్డే ఉండకపోవు," అంది సుగుణమణి.

వార్డు తలుపు తెరుచుకుని అనసూర్య బయటికి వచ్చింది. ఆగి, ఇద్దరినీ చూసింది. సుగుణమణి లేచి నిలబడింది. ఇన్నేళ్ల స్నేహంలో ఇంత దూరంగా నిలబడి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"పొరపాటైంది అనసూర్యా," అంది. "కండ్లు కనవడలే. రద్దీల కలిసిపోయింది. నీ మనుసు కష్టపెట్టిన."

అబద్ధం అనుకున్నంత కష్టంగా లేదు. చివరి మాట ఒక్కటే నిజం, అది మాత్రం నోరు దాటడానికి కష్టపడింది.

అనసూర్య మొహం చిన్నపిల్ల మొహంలాగా ముడుచుకుపోయింది. వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిన్న రాత్రంత నిన్ను తిట్టిన అక్కా. తిట్టుకుంట నీకోసమే చూసిన. దా, పిల్ల ఎదురు చూస్తాంది."

లోపల దీప పక్కకు ఒరిగి పడుకుని ఉంది. సుగుణమణి రుమాలు విప్పకుండానే, చెప్పినట్టు, ఆమె తల చుట్టూ మూడు మార్లు తిప్పింది. పెదవులు మాత్రం తన ప్రార్థనే చేశాయి. ఎవరి దేవుడికి ఏది అందాలో అది అందుతుందిలే అనుకుంది.

దీప ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"నేను భయపడలే పెద్దత్తా," అంది చెవిలో. "పెద్దమామ పేరు చదివి ఏడుపొచ్చింది. గంతే. ఎవ్వలు ఇంటలేరు."

సుగుణమణి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. కడుపు నిండినట్టయింది. అంత సేపటిలో అదొక్కటే మంచి మాట.

బయట గేటు పక్కన, గాలి తగలని చోట, అనసూర్య అగ్గిపెట్టె తీసి ఇచ్చింది. పొద్దు వాలుతోంది. రాయమల్లు వాళ్ల వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగాడు. సుగుణమణి రుమాలులోంచి కార్డు తీసి నేల మీద పెట్టి, పుల్ల గీసింది.

మొదటి పుల్ల గాలికి ఆరింది. రెండోది గీసేలోపు ఆ గాలికే కార్డు తెరుచుకుంది.

"ఆగు అక్కా," అంది అనసూర్య.

వంగి కార్డు ఎత్తింది. నిన్న దాన్ని సరిగ్గా చూడలేదు, పొద్దున విసిరేటప్పుడూ చూడలేదు. కోపంలో మనిషికి చేతిలో ఉన్నది కనపడదు. ఇప్పుడు తాపీగా, అటూ ఇటూ తిప్పి చూసింది. వేలు రంధ్రంలోంచి అవతలికి వచ్చింది.

"ఇది నీ కిటికీ అనుకున్న. నీ కిటికీల ఎప్పుడు ఏదో ఒకటి ఉంటది. గిందుల ఏం లేదేంది?"

సుగుణమణి చేతిలో పుల్ల మండుతోంది.

"నాకు అచ్చరాలు రావు గని అక్కా, సావు కార్డులు మస్తు చూసిన. అన్నిటి మీద మనిషి మొకం ఉంటది." అనసూర్య గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. "మా బావ మొకం ఏది?"

పుల్ల వేళ్ల దాకా కాలి ఆరిపోయింది.

"నువ్వే కోసినవా? నువ్వు కోస్తె, అది ఏం కార్డో నీకు తెల్సే ఉండాలె. పొరపాటెట్లయితది? నువ్వు కోయకుంటె..."

మాట సగంలో ఆగింది. పండుగ నుంచి నిన్నటిదాకా ఆ కార్డు ఉన్నది ఆమె ఇంట్లోనే. ఆ సంగతి మెల్లగా అనసూర్య కళ్లలోకి రావడం సుగుణమణికి కనిపించింది. ఆ కళ్లు ఇంకొకరి వైపు తిరగకముందే నోరు తెరిచింది.

"నేనే కోసిన," అంది. "ఎరుకతోనే పంపిన."

ఆమె వెనక, రాయమల్లు చొక్కా జేబు గుండీ విప్పాడు.